మదురై, కోయంబత్తూరు తెలుగువారి వ్యూహ చరిత్ర

తమిళనాట మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు అధికారాన్ని, సంపదను, చదువును నిలుపుకోవడానికి అనుసరించిన మార్గాల చరిత్ర ఇది. చుట్టూ ఉన్నవారితో పోలిస్తే వీరి సంఖ్య తక్కువ. అందుకే బలం కన్నా ఏర్పాటు మీద, వ్యక్తుల కన్నా సంస్థల మీద ఆధారపడవలసి వచ్చింది.

విజయనగరం తరఫున వచ్చిన విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురై పాలన చేపట్టాడు. అతని దళవాయి (సేనాధిపతి) అరియనాథ మొదలియారు తమిళుడు. ఇద్దరూ కలిసి దేశాన్ని 72 పాళేలుగా (సైనిక జాగీర్లుగా) పంచారని, కోట బురుజులు 72 కట్టించి ఒక్కోదాని కాపలా ఒక్కో పాళెగాడికి అప్పగించారని ప్రసిద్ధి. పాళెం ఆదాయంలో మూడో వంతు రాజుకు, మూడో వంతు సైన్యానికి, మిగిలింది పాళెగాడికి. వెంట వచ్చిన తెలుగు నాయకులకే కాక స్థానిక మరవ దొరలకూ పాళేలు ఇవ్వడమే ఇందులోని తెలివి. ఎదురు తిరగగలవాడికే కోట కాపలాలో వాటా దక్కింది.

పైన రాజు బలహీనపడగానే ఈ ఏర్పాటే బెడిసికొట్టింది. 1736 నాటికి నాయక రాజ్యం ముగిశాక పాళెగాళ్లు ఎవరికి వారే దొరలయ్యారు. తమను ఎదిరించిన పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను 1799లో కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఉరితీశారు. తర్వాత మిగిలిన పాళేలు జమీందారీలయ్యాయి. నాయక పాలనలో రాణి మంగమ్మ వేయించిన బాటలు, కట్టించిన సత్రాలు ప్రజలకు మిగిలాయి. ఆస్థానాన్ని నమ్ముకున్న తెలుగు సాహిత్యానికి మాత్రం ఆ నీడ పోయింది.

కోయంబత్తూరు కథ వేరు. ఇక్కడ పొలం, పత్తి, మిల్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్‌కు పునాది వేశారు. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదోది ధర్మానికి కేటాయించారు. దాంతో పుట్టినదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. ఆ ఏడే పారిశ్రామిక శిక్షణాలయం వెలిసింది. కుర్రాళ్లు అక్కడే పోత పోస్తూ, యంత్రాలు తయారుచేస్తూ పని నేర్చుకున్నారు. 1951లో ఇంజినీరింగ్ కళాశాల ఆ ఆవరణలోనే మొదలైంది. చదువును కార్ఖానా పక్కన పెట్టడం ఈ ప్రాంతపు అతి గొప్ప నిర్ణయమని చెప్పాలి. పైకారా జలవిద్యుత్తు అందిన 1930లలో మోటార్లకు, పంపులకు గిరాకీ పెరిగింది. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి–పళని దారిలో మొదలుపెట్టిన జి.డి. నాయుడు (1893–1974) డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో విద్యుత్ మోటారు తయారుచేశారు. ఏళ్లకు ఏళ్లు సాగే ఇంజినీరింగ్ కోర్సులు కాలహరణమని ఆయన గట్టిగా వాదించారు.

పనిచోటే పని నేర్పే ఈ ఆలోచన మదురైలో వైద్యానికీ పనికొచ్చింది. ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి ఉద్యోగ విరమణ తర్వాత 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే శస్త్రచికిత్సలు చేసిన మనిషి ఆయన. ఈ ఆసుపత్రిలో ఒక బల్ల మీద ఆపరేషన్ నడుస్తుండగా పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు శిక్షణనిచ్చి ఆ పనులు అప్పగిస్తారు. డబ్బు కట్టేవారి రాబడి పేదల ఉచిత చికిత్సకు ఆసరా. కంటి కటకాల ధర తగ్గించడానికి 1992లో ఆరోలాబ్ పెట్టారు.

రాజకీయాల్లో తెలుగు పేరిట పెద్ద పార్టీ ఏదీ నిలబడలేదు. ద్రవిడ రాజకీయాల లోపలే చోటు వెతుక్కున్నారు. మదురై నేపథ్యం గల సినీ నటుడు విజయకాంత్ 2005లో అక్కడే డి.ఎం.డి.కె. ప్రారంభించి, 2011లో 29 స్థానాలు గెలిచి ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆ పార్టీ మాట్లాడింది తమిళంలోనే.

ఇంత ముందుచూపులో మాతృభాషా విద్యకు సరైన చోటు దక్కకపోవడం బాధాకరం. ఇళ్లలో తెలుగు మాట్లాడే చాలామందికి లిపి రాదు. పదో తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తొలి బృందాన్ని 2016లో పరీక్షకు తెచ్చినప్పుడు, భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టు తలుపు తట్టి మినహాయింపు తెచ్చుకున్నారు. అది కొంతకాలానికే పరిమితం కావడంతో మళ్లీ మళ్లీ కోర్టుకెక్కవలసి వచ్చింది.