మూలన పడేసిన మందు

1934లో జర్మనీలోని బేయర్ ప్రయోగశాలలో హాన్స్ ఆండర్‌జాగ్ అనే రసాయన శాస్త్రవేత్త రెసోకిన్ అనే కొత్త పదార్థం తయారుచేశాడు. పక్షులకొచ్చే మలేరియా మీద అది బాగా పనిచేసింది. కానీ కొద్దిమంది మనుషుల మీద చూశాక, ఇది మరీ విషం అని తేల్చి మూలన పడేశారు. ఆ రెసోకినే తర్వాత క్లోరోక్విన్ అయింది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకునే చేదు మలేరియా బిళ్ళ అదే.

ఆ తీర్పు తప్పని తేలడానికి ఓ ప్రపంచయుద్ధం కావలసి వచ్చింది. 1942లో జపాన్ జావాని ఆక్రమించడంతో సింకోనా తోటలూ, వాటితోపాటు క్వినైనూ మిత్రదేశాలకి అందకుండా పోయాయి. అమెరికా కొత్త మందు కోసం వెతుకులాట ముమ్మరం చేసింది. యుద్ధం ముగిసేసరికి పరీక్షించినవి సుమారు 14,000 పదార్థాలు. 1943లో ట్యూనిస్ మిత్రసేనల చేతికి వచ్చినప్పుడు, అక్కడి ఫ్రెంచి డాక్టర్లు రెసోకిన్‌కి తోబుట్టువు లాంటి సొంటోకిన్‌ని అమెరికన్లకి ఇచ్చారు. తీరా చూస్తే ఏముంది? జర్మన్లతో ఒప్పందమున్న అమెరికన్ కంపెనీ దగ్గర ఆ సరుకు ముందునుంచే ఉంది! అప్పుడు దాని బంధువర్గాన్నంతా మళ్ళీ పరీక్షకి పెట్టారు. ఎస్‌ఎన్-7618 అనే నంబరుతో గెలిచింది పాత రెసోకినే.

ఇంతకీ ఈ పరీక్షలు ఎవరి మీద జరిగాయి? జర్మనీలో, సిఫిలిస్ మెదడుకి పాకినవాళ్ళ మీద. వాళ్ళకి వైద్యం పేరుతో మలేరియా ఎక్కించడం అప్పటి పద్ధతి. అమెరికాలో ఖైదీల మీద, మానసిక వైద్యశాలల్లోని రోగుల మీద. ఖైదీలు ఒప్పుకుని సంతకాలు పెట్టారంటారు. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలుకి ఎంత విలువ?

మలేరియా పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ని తింటుంది. తినగా మిగిలిన హీమ్ దానికే విషం కాబట్టి స్ఫటికాలుగా మార్చుకుంటుంది. క్లోరోక్విన్ ఆ పని సాగనివ్వదు. అయితే 1950ల చివరికల్లా థాయిలాండ్-కంబోడియా సరిహద్దులోనూ, కొలంబియాలోనూ మందుకి లొంగని ఫాల్సిపేరమ్ బయటపడింది. వైవాక్స్ మలేరియాకి మాత్రం మన దేశంలో ఇవాళ్టికీ క్లోరోక్వినే ఇస్తున్నారు.

ఆండర్‌జాగ్ పేరు చరిత్రలో ఉంది. తమ ఒంట్లో ఆ మందు మంచిచెడ్డలు తేల్చినవాళ్ళు మాత్రం లెక్కల్లో అంకెలుగానే మిగిలారు.