తెర వెలుగుటకు ముందు

థేమ్స్ తీరమున నున్న రీడింగ్ పట్టణము బ్రిటన్‌లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంప్యూటరు సంస్థకు చిరకాలము ప్రధానస్థానమై యుండెను. ఆ సంస్థ తోడ్పాటుతో 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి. యందు జన్మించిన, తెరపై కిటికీలను చూపు ఎక్స్ విండో వ్యవస్థయే, 1992లో ఎక్స్‌ఫ్రీ86 రూపమున సామాన్యుల పీసీలకును, క్రమముగా లాప్‌టాప్‌లకును వచ్చి చేరినది. వచ్చి చేరినంతనే తెర వెలిగెడిది కాదు గదా! ‘మోడ్‌లైన్’ అను పంక్తిలో పిక్సెల్ వేగమును, అడ్డునిలువు కొలతలను యజమానియే లెక్కగట్టి వ్రాయవలసి యుండెను. అంకె తప్పినచో పాత గాజుగొట్టపు మానిటరు చెడిపోవుటయు ఉండెడిది. కాలక్రమమున ఆ ప్రయాస చాలవరకు తగ్గెను; 2009లో ఇంటెల్ చిప్పుల విషయమున తెర అమరికను లినక్స్ నిర్వాహక వ్యవస్థ మూలభాగమగు కెర్నెలే స్వీకరించెను. చిప్పుల సంస్థయగు ఎన్విడియా మాత్రము తన చిప్పుల వివరములు దాచుటచే (వ్యాపారమునకు అంత మౌనమేల?), నూవో అను బృందము చిప్పు నడకను గమనించియే డ్రైవరును నిర్మించెను, అది 2010లో కెర్నెలున చేరినది. ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల మూలసంకేతమును వెల్లడించినది 2022లో.