వలస తల్లులు, ఫోను, పరిశోధకుల బాధ్యత

ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ పాలనలో వచ్చిన 1974 కార్మిక స్మృతి విదేశీ వలసను ప్రభుత్వ విధానంగా మార్చింది. మొదట గల్ఫ్ దేశాలకు ఎక్కువగా పురుషులు వెళ్లారు. తరువాతి దశాబ్దాలలో ఇంటిపనికి, పిల్లల, వృద్ధుల ఆలనాపాలనకు హాంకాంగ్, సింగపూర్, ఇటలీ వంటి చోట్లకు స్త్రీలు పెద్దసంఖ్యలో తరలారు. తమ పిల్లలను అమ్మమ్మలకో పిన్నమ్మలకో అప్పగించి, పరాయి పిల్లలను పెంచిన తల్లులు వీరిలో ఎందరో. ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో ఈ క్రమాన్ని 'ప్రపంచ సంరక్షణ గొలుసు' అన్నారు.

ఈ తల్లులు ఇంటితో మాట్లాడిన తీరుకూ ఒక చరిత్ర ఉంది. మొదట ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. పిల్లవాడి జ్వరం తగ్గాక గాని తల్లి ఓదార్పు చేరేది కాదు. తరువాత ఫోన్‌కార్డులు, సెల్‌ఫోన్లు, వీడియో కాల్స్ వచ్చాయి. మిర్కా మదియాను, డేనియల్ మిల్లర్ బ్రిటన్‌లోని ఫిలిప్పినో తల్లులతోనే కాక, స్వదేశంలో ఉండిపోయిన పిల్లలతోనూ మాట్లాడి 2012లో ఒక పుస్తకం వెలువరించారు. ఫోను వల్ల మళ్లీ తల్లిగా ఉండగలుగుతున్నామని తల్లులు అన్నారు. పిల్లల మాట అంత ఏకగ్రీవంగా లేదు. కొందరికది దగ్గరతనం, కొందరికి నిఘా. తల్లుల మాటే విని ఆగి ఉంటే మనకు సగం చరిత్రే మిగిలేది.

స్త్రీవాద సంరక్షణ నీతి అవసరం ఇక్కడే తెలుస్తుంది. కేరొల్ గిల్లిగన్ 1982లో నైతిక ఆలోచనలో మానవ సంబంధాలకు చోటు అడిగారు. జోన్ ట్రాంటో 1993లో దాన్ని రాజకీయ ప్రశ్నగా మలిచారు. సంరక్షణకు శ్రద్ధ, బాధ్యత, నైపుణ్యం, స్పందన కావాలన్నారు. సంరక్షణ అందుకున్నవారికి అది ఎలా అనిపించిందని గమనించడమే ఈ స్పందన. పరిశోధకులు తరచు మరిచేది దీన్నే.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇంటిపని చేస్తున్న స్త్రీలను వాట్సాప్‌లో ఇంటర్వ్యూ చేయదలచిన విద్యార్థి సంగతి చూద్దాం. ఆమె ఉండేది యజమాని ఇంట్లోనే. కొన్ని ఇళ్లలో ఫోను పని ముగిశాక గాని ఆమె చేతికి రాదు. విద్యార్థి తీసుకునే అరగంట, ఆమె తన పిల్లలతో మాట్లాడుకోవలసిన అరగంట. "జీతం ఇచ్చారా?" అన్న సందేశం మరొకరి కంటపడితే మాట పడేది ఆమె, మనం కాదు. మా తరం పరిశోధకులం ఫారంపై సంతకం కాగానే సమ్మతి పని అయిపోయిందనుకునేవాళ్లం. అది చాలదు. ప్రతిసారీ ఇప్పుడు మాట్లాడవచ్చా అని అడగాలి. ఆమె చెప్పిన వేళకే మాట్లాడాలి. జవాబు రాకపోతే వెంటపడకూడదు. రికార్డింగ్ ఎక్కడ దాస్తామో, ఎప్పుడు తుడిచేస్తామో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇలా చేస్తే సమాచారం తగ్గవచ్చు, సిద్ధాంత గ్రంథం ఆలస్యం కావచ్చు. పర్యవేక్షకులు ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.