ధాత్రి – ఉసిరిచెట్టు మహిమ



కార్తికమాసం రాగానే ఉసిరినీడను వెదకుతూ వనభోజనాలకు తరలివెళ్ళడం మనకు తరతరాల ఆచారం. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మను నిలిపి పూజిస్తాము. ఉసిరికాయపై నేతివత్తి వెలిగిస్తాము. ఈ చెట్టుకు సంస్కృతంలో ఆమలకి అనీ, ధాత్రి అనీ పేర్లు. ధాత్రి అనగా పాలిచ్చి పెంచే దాది. ఒక చెట్టుకు అంతటి పేరు తగునా? చరిత్రను అడుగుదాం.

వయస్సును నిలిపే ద్రవ్యాలలో ఆమలకమే శ్రేష్ఠమని చరకసంహిత చెప్పింది. త్రిఫలలో ఒకటి ఉసిరి. చ్యవనప్రాశకు మూలం ఉసిరి. దీని బెరడు తోళ్ళను పదును చేయడానికి పనికివచ్చింది. దేవాలయ శిల్పంలోనూ దీనికి చోటు దక్కింది. బాదామి చాళుక్యుల కాలంలో, 7, 8 శతాబ్దాలలో వెలసిన ఆలంపురం నవబ్రహ్మాలయాలను దర్శించినవారు, వాటి శిఖరాలపై నొక్కులుదీరిన గుండ్రని రాతిచక్రాన్ని చూసే ఉంటారు. దాని పేరు ఆమలకం. కాయ మీది చారలే ఆ రాతిలో కనబడతాయి.

ఆ పేరు సార్థకమని మన కాలంలోనే ఒక కరవు నిరూపించింది. 1939–40లో నాటి పంజాబులోని హిస్సార్ ప్రాంతంలో క్షామం వచ్చింది. కాయగూరలు కరవై, చిగుళ్ళు వాచి నెత్తురు కారే స్కర్వీ వ్యాధి ప్రబలింది. అప్పుడు రోగులను ఆదుకొన్నది ఉసిరి. తాజా పండ్లు దొరకని చోట ఎండు ఉసిరే ఔషధమైంది. ఎండినా ‘సి’ విటమిన్ చాలావరకు దానిలో నిలుస్తుంది.

1918లో కూనూరులో ఆరంభమైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మన నాచారానికి పొరుగున తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం, 100 గ్రాముల ఉసిరిలో సుమారు 250 మిల్లీగ్రాముల ‘సి’ విటమిన్ ఉంది. కమలాపండులో ఉన్నదానికి ఇది ఐదు రెట్లకు పైమాటే.

అయితే ఒక్కమాట. మన జవహర్‌నగర్, ఉప్పల్ పరిసరాలలో ఎందరి ఇళ్ళలో ద్వాదశి పూజకు అంగట్లో కొన్న కొమ్మే దిక్కవుతున్నది! ఏటా కొమ్మను విరిచి పూజించి, ఒక్క మొక్కనైనా నాటకపోతే దాది ఋణం తీరుతుందా? అంటుమొక్క మూడు నాలుగేండ్లలో కాపుకు వస్తుంది. ఇంటి ముంగిట చోటు లేనివారు ఆలయ ప్రాంగణంలోనో, బడి ఆవరణలోనో నాటవచ్చును. వచ్చే తరం కార్తికంలో విస్తరి వేసుకొని కూర్చోవడానికి నీడ ఉండాలి కదా!

స్వస్తి.