చంద్రుడొకటి, శరములైదు

మా రఘునాథపల్లి ప్రాంతమున కళ్ళములో ధాన్యము కొలుచునపుడు పెద్దలు మొదటి కుంచమును ఒకటి యనరు, ‘లాభము’ అందురు. ఆ పిమ్మట రెండు, మూడు. ఏడవ కుంచము వచ్చినపుడు కొందరు ‘ఆరున్నొకటి’ యని దాటిపోవుదురు. ఏడు అను మాటలో ఏడుపు వినబడునని వారి శంక. బాల్యమున నేనిది విని నవ్వగా మా తాతగారు, “నవ్వుడు గాదు బిడ్డా, లెక్క తప్పిందేమో చూడు” అనిరి. చూచితిని, తప్పలేదు. పేరు మారినది గాని రాశి మారలేదు. నేటి నా ప్రసంగమునకు ఆ కళ్ళమే మూలము.

మా ఊరి స్టేషనులో బండి యెక్కి కాజీపేటలో దిగినవారికి హనుమకొండ ఎంతో దూరము గాదు. అచ్చటి వేయిస్తంభముల గుడిలో స్తంభములను ఓపికతో లెక్కించినవారికి వేయి దొరకవు. ‘వేయి’ అనగా అచ్చట పెక్కు అని మాత్రమే అర్థము. వేయి విధముల చెప్పితినని తల్లి బిడ్డను కసరుకొనునట్టిదే. కాని అదే గుడి శాసనమున కాకతి రుద్రదేవుని కాలము శకవర్షము 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి యని యున్నది. అనగా క్రీస్తుశకము 1163 జనవరి 19. ఇచ్చట ‘పెక్కు’ అనుటకు చోటు లేదు. ఒకే ప్రాంగణమున సంఖ్య ఒకచోట అలంకారమై, మరియొకచోట సాక్షియై నిలిచినది.

అలంకారమునే సాక్షిగా నిలిపిన విద్య యొకటి మన పూర్వులకు కలదు. దానిని భూతసంఖ్య యందురు. లోకమున ఏ వస్తువు ఎన్ని యున్నవో ఆ వస్తువు పేరే ఆ అంకెకు పేరగును. చంద్రుడొక్కడే గనుక చంద్రుడన్న ఒకటి. కన్నులు రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు. మన్మథుని శరములైదు, ఋతువులారు, కులపర్వతములేడు, దిగ్గజములెనిమిది, శరీరరంధ్రములు తొమ్మిది. ఏమియు లేనిదానికి ఆకాశమని పేరు పెట్టిరి. సున్నకు ఇంతకన్న తగిన పేరు నాకు తోచదు. పలుకునపుడు ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు పోవలెను. వేదములు, గజములు, గగనము, చంద్రుడు అన్నచో 4, 8, 0, 1. త్రిప్పి వ్రాసిన రుద్రదేవుని 1084 వచ్చును. నా విద్యార్థులకు దీనిని ఆటగా నేర్పెడివాడను.

ఇది వట్టి చమత్కారమునకు పుట్టినది కాదు. జ్యోతిషగణితములు పద్యములై కంఠస్థమగుచుండిన దినములలో, తాళపత్రముపై ఒక అంకె చెరిగినను మారినను పట్టువారు లేరు. మాట మారినచో ఛందస్సు కుంటుపడి దొంగ దొరకుచుండెను. పైగా ఒక్కొక్క అంకెకు పది పేర్లుండుటచే కవికి గణమునకు తగిన మాట చేతికందుచుండెను.

తెలుగున దీనికి మకుటాయమానమైన ఉదాహరణము పావులూరి మల్లనది. పదునొకండు, పండ్రెండు శతాబ్దుల నాటి ఈ కవి, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించెను. చదరంగపు అరువదినాలుగు గళ్ళలో మొదటిదానియందొక గింజ, పిమ్మట గడి గడికి రెట్టింపు పెట్టినచో మొత్తమెంత? మల్లనదని ప్రసిద్ధమైన పద్యము ఇరువది స్థానముల ఆ సంఖ్యను ఇరువది మాటలలో చెప్పును: 18446744073709551615. మూడు ఒకట్లకును చంద్రుడే, మూడు ఐదులకును బాణములే, మూడు ఏడులకును కొండలే, రెండు సున్నలకును ఆకాశమే. నాలుగులకు మాత్రము ఒక వేదము, బ్రహ్మముఖములు, రెండు సముద్రములు. నమ్మనివారు కాగితము తీసి రెట్టింపు చేసికొనవచ్చును. నేను రెండు పర్యాయములు చేసితిని, మొదటిసారి నాదే తప్పు వచ్చినది.

ఈ విద్య సముద్రములు కూడ దాటినది. జావా ద్వీపమున సంజయరాజు 732లో వేయించిన చంగల్ శాసనమునందు శకవర్షము శ్రుతులు, ఇంద్రియములు, రసములు అను మాటలతో చెప్పబడినది: 4, 5, 6, అనగా 654. రసములనగా నాలుక యెరిగిన ఆరు. ఎవడైన సాహిత్యాభిమాని నవరసములను తలచి తొమ్మిది యనుకొన్నచో, రాజు మూడువందల సంవత్సరములు ఇవతలికి వచ్చి పడును!

ఇట్టి పొరపాట్లు మహాపండితులకును తప్పలేదు. యవనజాతకమను సంస్కృత గ్రంథమును 1978లో ప్రకటించిన డేవిడ్ పింగ్రీ, దాని తుదిని చెప్పిన మాటలను అంకెలుగా గ్రహించి అది క్రీ.శ. 269-70 నాటిదని నిర్ణయించెను. భూతసంఖ్యకు అది ప్రాచీనమైన ఆధారమని చాలమంది చెప్పికొనిరి. 2013లో బిల్ మాక్ వ్రాతప్రతులను మరల చూచి ఆ పఠనము నిలువదని చూపెను. ముప్పదియైదేండ్లు చరిత్ర ఒక శ్లోకపు పాఠముపై కూర్చుండెను.

ఇక నా సంగతి. ఉద్యోగమున చేరిన తొలినాళ్ళలో ఒక రైతు తమ యింటి అటకపైనున్న తాళపత్రగ్రంథమును నాకు చూపెను. తుదియాకున వ్రాసినవాని పేరు చెరిగినది. కాలము మాత్రము గుణములు, సముద్రము, ఋతువులు, చంద్రుడు అని మిగిలినది. నేను సప్తసముద్రములను తలచి శక 1673 అని చెప్పితిని. కాగితపు ముక్కపై వ్రాసి పెట్టె మూతకు అంటించితిని కూడ. ఆ పెద్దమనిషి వచ్చినవారికెల్ల దానిని చూపి మురిసెడివాడు.

పెక్కేండ్ల తరువాత తరగతిలో మల్లన పద్యమును వివరించుచుండగా సముద్రము దగ్గర నా నోరు ఆగినది. మల్లనకు సముద్రములు నాలుగు! చతుస్సముద్రములనుట కూడ పురాణసమ్మతమే గదా. ఆ సాయంకాలమే పోయి ఆకు తీసి చూచితిని. నేను లక్ష్యపెట్టని అంచున సంవత్సరము పేరు కూడ ఉన్నది: ప్లవ. శక 1673 ప్రజోత్పత్తి యగును. ప్లవ యగునది 1643. ముప్పదియేండ్లు తప్పు చెప్పితిని. వ్రాసినవాడు సందేహము కలుగునని ఊహించి రెండవ సాక్షిని పెట్టియే పోయినాడు, నేనే విచారింపలేదు.

పెద్దమనిషి అప్పటికి గతించెను. ఆయన కుమారుడు విని, “మా బాపు అందరికి ఆ లెక్కే చెప్పుకున్నడు గద సారూ, ఉండనియ్యరాదా?” అనెను. వాహనమునకు తొమ్మిదులు కావలెనని వేలములో లక్షలు పోయువారికి నేను తడుముకొనక బదులు చెప్పగలను గాని, అతనికి వెంటనే చెప్పలేకపోయితిని. కొంతసేపు ఇద్దరమును ఊరకుంటిమి. తుదకు అతడే లోనికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చెను. పాత కాగితమును తడిపి ఊడదీసి, క్రొత్తదానిపై 1643 అనియు దానిక్రింద ప్లవ అనియు వ్రాసి మూతకు అంటించితిని.