ఇనస్పెక్టరుగారి రాక

పల్లెబడికి ఇనస్పెక్టరుగారు వచ్చుచున్నారన్న వార్త ముందునాటి సాయంకాలమే ఊరంతయు పొక్కెడిది. గోడలకు సున్నము వేయుట, హాజరుపట్టీ సరిచూచుకొనుట, పొలమునకు పోయిన పిల్లలను పిలిపించి పలకలతో కూర్చుండబెట్టుట, ఇవి యన్నియు తెల్లవారులోపల జరుగవలసినవే. ఆ హడావుడిని తలచుకొని నవ్వుకొను పెద్దలు మన యిండ్లలో నేటికిని కలరు. కాని పంతులుగారికి అది నవ్వులాట కాదు. ఆయన జీతపు రాళ్లు ఆ యొక్క దినముపై నాధారపడియుండిన కాలముండెను.

1854వ సంవత్సరమున చార్లెస్ వుడ్ పంపిన తాఖీదు ననుసరించి రాష్ట్రరాష్ట్రమునను విద్యాశాఖ, దానికి తనిఖీదారులు, ప్రైవేటు పాఠశాలలకు సర్కారు గ్రాంటు అను మూడు నేర్పడెను. మదరాసు రాజధానిలో ఆర్బత్‌నాట్ దొర తొలి విద్యాశాఖాధిపతి. 1860లలో అచ్చట ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి వచ్చెను. దీని మూలము ఇంగ్లండు. అచ్చట 1862లో రాబర్ట్ లో అను మంత్రి, చదువు చౌకగా నైన నుండవలెను, లేదా ఫలవంతముగా నైన నుండవలెనని ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇనస్పెక్టరు ఒక్కొక్క బాలుని నిలువబెట్టి చదివించును, వ్రాయించును, లెక్క చేయించును. నెగ్గిన విషయమునకు ఇంత సొమ్ము. తప్పిన సున్న.

ఇది పైకి బేరమువలె సరళముగ నున్నది. జరిగిన దేమి? పంతుళ్లు పుస్తకమును మొదటి పుటనుండి చివరిపుట వరకు వల్లెవేయించిరి. పుస్తకము తలక్రిందులుగ పట్టుకొనినను చదువు ఆగెడిది కాదు! మందమతిపై ఖర్చుచేసిన శ్రమకు గ్రాంటు రాదు గనుక వాడు వెనుక బల్లకు పోయెను. పరీక్షలో లేని చరిత్ర, పాట, బొమ్మ బడిలోనుండియే పోయెను. మాథ్యూ ఆర్నల్డ్ అను కవి 1851 మొదలు 35 ఏండ్లు తానే బడుల ఇనస్పెక్టరుగా నుండి, ఈ పద్ధతి చదువును యంత్రమును చేయుచున్నదని మొరపెట్టుకొనెను. మనదేశమున 1904 నాటి కర్జను ప్రభుత్వపు విద్యాతీర్మానము దీనిని నిరసించిన పిదపగాని ఇది తొలగలేదు.

అందరు తనిఖీదారులును లెక్కలవారే యని తలపరాదు. 1907 ప్రాంతమున విశాఖపట్టణము వైపు బడులను చూడవచ్చిన యేట్సు దొర, పిల్లలు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత దూరమేల యని యడిగెను. పి. టి. శ్రీనివాసయ్యంగారు, గిడుగు, గురజాడలు ఆ ప్రశ్నను చేపట్టిరి. ఒక ఇనస్పెక్టరు ప్రశ్న వ్యావహారిక భాషోద్యమమునకు నాంది యయ్యెను. (ఈ వ్యాసపు భాషకు ఆ ప్రశ్న సూటిగా తగులునని నేనెరుగుదును.)

ఇక మన ఇబ్రహీంపట్నము సంగతి. హైదరాబాదునకు ఆగ్నేయముగ సుమారు 30 కిలోమీటర్ల దూరమున, కుతుబ్‌షాహీలనాటి పెద్దచెరువు నానుకొనియున్న ఊరిది. నగరము చుట్టునుండిన అత్రాఫె బల్దా ప్రాంతము నిజాము సొంత సర్ఫెఖాస్ ఇలాకా. అది 1949లో గాని దివానీలో కలియలేదు. సర్కారు బడిలో చదువు ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక దేశభాషలో ఉన్నతవిద్య నేర్పి ఘనత గాంచినది నిజమే. కాని ఆ దేశభాష తెలుగువాని యింటిభాష కాదు. తెలుగు నేర్వదలచిన బిడ్డకు వీధియరుగు మీది ఖాన్గీ బడియే దిక్కు.

1920లలో ఆ బడులపైకి నిబంధనలు వచ్చెను. విద్యాశాఖ అనుమతి లేనిదే ఖాన్గీ బడి పెట్టరాదు. వినుటకు న్యాయముగనే యున్నది. ప్రమాణము లేని బడి యెవరికి కావలెను? కాని తాను బడి పెట్టనిచోట ఇతరులు పెట్టిన బడిని మూయించుట ప్రమాణరక్షణ కాజాలదు. ఇంగ్లీషు ఇలాకాలో ఇనస్పెక్టరు కోపించిన గ్రాంటు పోయెడిది. ఇచ్చట బడియే పోయెడిది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభలు మాతృభాషలో విద్యను, ఈ నిబంధనల రద్దును కోరుచు వచ్చినవి. మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1928లో నారాయణగూడలో నెలకొల్పిన ఆంధ్ర బాలికల పాఠశాల తెలుగున బోధించుచున్నందున, కార్వేగారు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షల నాశ్రయింపవలసివచ్చెను. హైదరాబాదు బాలిక తెలుగు చదువునకు మరాఠీ గడ్డ ముద్ర వేసినది!

1956లో రాష్ట్రము లేకమయ్యెను. 1959 నాటి చట్టముతో ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకును, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకును చేరెను. బడి ఊరివారి చేతికి వచ్చినదని సంతోషించినవారే, పంతుళ్ల బదిలీలు సమితి రాజకీయములలో చిక్కుట చూచి నొచ్చుకొనిరి. 1966లో కొఠారి కమిషను, పరిపాలనను పర్యవేక్షణమునుండి వేరుచేయుడనియు, జాతీయాదాయమున నూటికి 6 వంతులు విద్యకు వెచ్చింపుడనియు సూచించెను. ఆ 6 వంతుల మాట అందరికిని జ్ఞాపకమున్నది; మొదటి మాట నెవరును తలపరు.

ఇబ్రహీంపట్నము 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో చేరెను. 1980ల నడుమ సమితులు పోయి మండలములు వచ్చినవి. బడుల తనిఖీయు, పంతుళ్ల జీతపు బిల్లులును మండల విద్యాధికారి యొక్కనికే చేరెను. బిల్లునకు నెల గడువున్నది. తనిఖీకి అట్టిది లేదు. కావున ఆ బల్లమీద ముందుగా కదలినది బిల్లే.