సోలెడాడ్ చావెస్ డి చకోన్: రెండు వారాల గవర్నర్

సోలెడాడ్ చావెస్ డి చకోన్ (1890–1936) అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రానికి సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఎన్నికైన తొలి మహిళ. ఆ దేశంలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి హిస్పానిక్ మహిళ కూడా ఆమే. అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే విదేశాంగ మంత్రి. రాష్ట్రంలో మాత్రం ఎన్నికలను, అధికారిక పత్రాలను పర్యవేక్షించే అధికారి.

అల్బుకర్కీలో జన్మించిన చకోన్ అక్కడి వాణిజ్య కళాశాలలో అకౌంటింగ్ అభ్యసించారు. 1912లో న్యూ మెక్సికో రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పాఠశాలల ఎన్నికల్లో మాత్రమే మహిళలకు ఓటు ఉండేది. 1920లో 19వ రాజ్యాంగ సవరణ వారికి పూర్తి ఓటు హక్కునిచ్చింది. 1921లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, మహిళలు ప్రభుత్వ పదవులు చేపట్టేందుకు వీలు కల్పించారు. మరుసటి ఏడాదే చకోన్ డెమోక్రటిక్ అభ్యర్థిగా గెలుపొందారు. పోటీ చేయాలని కోరేందుకు పార్టీ ప్రతినిధులు వచ్చినప్పుడు ఆమె ఇంట్లో కేకు తయారు చేస్తున్నారని చెబుతారు. అప్పటికి ఆమె ఇద్దరు పిల్లల తల్లి.

1924 మేలో లెఫ్టినెంట్ గవర్నర్ హోసే బాకా మరణించారు. జూన్‌లో గవర్నర్ జేమ్స్ హింకిల్ పార్టీ జాతీయ మహాసభకు న్యూయార్క్ వెళ్లారు. గవర్నర్ లేనప్పుడు లెఫ్టినెంట్ గవర్నర్, ఆయనా లేకుంటే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆ బాధ్యత వహించాలన్నది నియమం. దాంతో చకోన్ రెండు వారాలు తాత్కాలిక గవర్నర్‌గా వ్యవహరించారు. అమెరికాలో తొలి మహిళా గవర్నర్ ప్రమాణ స్వీకారం చేసింది ఆ మరుసటి ఏడాది, వ్యోమింగ్‌లో.

చకోన్ రెండు పర్యాయాలు ఆ పదవిలో కొనసాగారు. 1934లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై, రెండేళ్లకు 45వ ఏట కన్నుమూశారు. ఆమె తర్వాత న్యూ మెక్సికో ఓటర్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఎన్నుకున్న వారందరూ మహిళలే.